భయమునకు విరుగుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదన్న, ఆ ఊర పుస్తకము తెరచు చేతులు ఇరువదియైదేండ్లుగా ఆగలేదన్న మాట. అందులకు గ్రామము సంతసించుట సహజము. అయితే ఇట్టి ఉత్సవమును జరుపుకొనుటకు ఊరివారు ముందుగా సర్కారు అనుమతిని వేడుకొనవలసిన కాలమొకటి ఈ తెలుగు నేలమీదనే ఉండెడిది. నాలుగు పుస్తకములు, రెండు పత్రికలు, ఒక చాప, ఒక దీపము గల గదిని చూచి అధికారులు అనుమానపడిన కాలమది. చేత కర్రయైన లేని గ్రంథాలయమును చూచి బలవంతుడేల బెదరవలెను? ఈ ప్రశ్నకు సమాధానము దొరకినచో, భయమెట్లు పుట్టునో, ఎట్లు పెరుగునో, దేనివలన పోవునో కూడ తెలియగలదు.

ఆ కథ నిజాం ప్రభువుల నాటి తెలంగాణమునకు చెందినది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 నుండి 1948 వరకు హైదరాబాదు సంస్థానమును పాలించెను. ప్రజలలో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడములు మాట్లాడువారు. కచేరీలయందును న్యాయస్థానములయందును నడచునది ఉర్దూ. ఉర్దూ సొగసైన భాష, గొప్ప సాహిత్యము గల భాష. తప్పు భాషది కాదు. తనను బంధించు చట్టమేదియో, తనను కాపాడు చట్టమేదియో రైతు తన కంటితో చదువుకొనలేకపోవుటయే చిక్కు. అందుచే పట్వారి చెప్పినదే చట్టము, పటేలు పలికినదే శాసనము, గడీలో దేశముఖు అన్నదే తీర్పు అయ్యెను.

అధికారి పర్యటనకు వచ్చుచున్నాడన్న ఊరు ఊరంతయు ఉలికిపడెడిది. చాకలివారు నీళ్లు మోయవలెను. కుమ్మరి కుండలు తేవలెను. దళితవాడలవారు మూటలు నెత్తినబెట్టుకొని పొరుగూరి పొలిమేర వరకు నడువవలెను. బండి గలవాడు, అదను మీద నున్న పొలమును విడిచి, ఎద్దులను బండికి కట్టుకొని పోవలెను. వర్తకుడు తన సరకును బజారు ధరకు గాక, వచ్చినవారు చెప్పిన ధరకు ఈయవలెను. దీనినే వెట్టి యనిరి. కూలి యడుగుట నేరము, కాదనుట ఘోరము. “నీ బాంచన్ దొరా, కాల్మొక్త” యను మాట పుట్టిన బిడ్డకు తల్లి నేర్పకయే వచ్చెడిది. నీ బానిసను, నీ కాళ్లు మ్రొక్కెదనని దాని యర్థము.

ఇందు విడ్డూరమొకటి కలదు. ఈ దౌర్జన్యములలో కొన్నింటిని కట్టడి చేయుచు సర్కారువారే వెలువరించిన ఉత్తరువులు దఫ్తరములయందు భద్రముగా నుండెను. వర్తకునకు రక్షణయున్నదని కాగితము చెప్పుచుండెను. ఆ సంగతి వర్తకునకు తెలియదు. వెట్టికి హద్దులున్నవని కాగితము చెప్పుచుండెను, మోయుచున్నవానికి తెలియదు. తెలిసినవాడు చెప్పడు, ఏలయన చెప్పకుండుటలోనే అతని బ్రతుకు తెరువు కలదు. కనుక ఆనాటి భయములో సగము కొరడావలన కలిగినదైన, తక్కిన సగము దాచిపెట్టబడిన నిజమువలన కలిగినది.

ఆ దాచబడిన నిజమును ఊరికి చేర్చుటకు పూనుకొన్నవారి ప్రయత్నము ఒక అవమానముతో మొదలయ్యెను. 1921 నవంబరులో హైదరాబాదు నగరమందలి వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కరణ సభ జరిగెను. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాట్లాడ నారంభింపగనే సభలో గొల్లుమని గోల చేసిరి. ఆయన కూర్చుండవలసి వచ్చెను. మనసు నొచ్చిన తెలుగువారు కొలదిమంది వెంటనే ఒకచోట కూడి ఆంధ్రజన సంఘమును నెలకొల్పిరి. ఆ కోపము పగగా మారియుండవచ్చును. మాడపాటి హనుమంతరావుగారి వంటి శాంతస్వభావుల చేతిలో అది పనిగా మారినది.

సంఘము మొదట పట్టిన పనులలో ఒకటి చిన్న చిన్న పుస్తకముల ప్రచురణము. “వర్తక స్వాతంత్ర్యము” ఒకటి, “వెట్టిచాకిరి” యొకటి, చేతిపనులవారిపై వేయు పన్నును గూర్చిన “మోహతర్ఫా” యొకటి. అందులో పద్యములు లేవు, వర్ణనలు లేవు, దూషణము లేదు. సర్కారు నియమమేమి, పౌరుని హక్కెంత, అధికారి అధికారమునకు హద్దెక్కడ అను సంగతులు తేట తెలుగున నుండెను. ఆ పుస్తకము చేతబట్టిన దుకాణదారుడు తొలిసారిగా తన సరకునకు ధర యడుగగలిగెను. వచ్చిన జవాను మారలేదు, అతని గొంతు మారలేదు. ఎదుట నున్నవానికి నిజము తెలిసినదన్న సంగతియొక్కటే మారినది. బెదరింపు పని చేయుటకు బెదరువాని అజ్ఞానము కూడ తోడు రావలెను. ఆ తోడు తప్పినచో బెదరింపు సగము చచ్చును.

పాలకులు గ్రంథాలయమును చూచి ఏల బెదరిరో ఇక చెప్పనక్కరలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము వెలసినవి. వానిని చూచి ఊరూర పఠనమందిరములు లేచినవి. సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనని “గస్తీ నిశాన్ 53” అను ఉత్తరువును ప్రభుత్వము అమలు జరిపెను. గ్రంథాలయ వార్షికోత్సవమునకు కూడ ఆ యాటంకము తప్పలేదు. పుస్తకము ఒంటరిగా చదివిన ఒకని తెలివి పెరుగును. పదిమంది ఒకచోట కూర్చుండి వినిన ఒకరి కొకరు తోడగుదురు. పాలకులు ఈ రెండవదానికే ఎక్కువ భయపడిరి.

అబద్ధమునకు బదులు చెప్పు పద్ధతి కూడ ఆనాడే కొందరు పెద్దలు చూపిరి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926 మే 10న “గోలకొండ పత్రిక”ను ప్రారంభించిరి. తెలంగాణమున కవులే లేరని ఎవరో వ్రాసినపుడు ఆయన తిట్టునకు తిట్టు పెట్టలేదు. ఊరూర నున్న కవుల రచనలను కోరి, సేకరించి, 354 మంది కవులతో 1934లో “గోలకొండ కవుల సంచిక”ను వెలువరించిరి. ఆ సంచిక చదివినవారికి వేరు వాదన యక్కరలేకపోయెను.

పుస్తకము తనంతట తాను ఊరికి నడచి రాదు. దానిని మోసికొని రావలెను. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లాలో పేద యింట జన్మించెను. ఇతరుల యిండ్లలో వంట చేసి, సేవ చేసి, ఆ సందున అక్షరములు నేర్చినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి, ఇంటింటి గడప నెక్కి అమ్మెను. పుస్తకముతో బాటు మనుష్యుడును రావలెనని ఆయన యెరుగును. గడప దగ్గర కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, ఇంటివారి కష్టసుఖములు విని, పిమ్మట పుస్తకమును చేతికిచ్చువాని మాటను పల్లె నమ్మును. ఎరుగనివాని చేతి కాగితమును పల్లె చూరులో దోపి మరచును.

ఇచ్చట ఒక చేదు నిజమును ఒప్పుకొనవలెను. కరపత్రములు ముద్రింపబడిన ఇరువదియేండ్లకు కూడ వెట్టి పూర్తిగా పోలేదు. చదువు, డబ్బు, ఇరుగుపొరుగు బలము గల వర్తకునకు నిజము తొందరగా ఉపకరించినది. చదువు లేని కూలివానికి, భూమి లేని రైతునకు, అడుగుటకు గొంతు లేని ఆడుదానికి కాగితము చాలలేదు. నిజము తెలిసియు ఒంటరియైనవాడు మరల భయపడును. అట్టివానికి ప్రక్కన నిలుచువాడొకడు కావలెను.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ దీనికి సాక్ష్యము. కౌలుకు తీసికొన్న భూమిని ఆమె కుటుంబము చెమటోడ్చి సాగు చేయుచుండెను. విసునూరు దేశముఖునకు ఆ భూమిమీద కన్ను పడినది. కుటుంబమువారిపై కేసులు పెట్టించెను. పండిన పంటను ఎత్తుకొని పోవుటకు మనుష్యులను పంపెను. భూమి తనదని ఐలమ్మకు తెలియును. ఆ నిజము ఆమె చేతిలోనే ఉన్నది. కాని ఒక్కతె ఎట్లు నిలుచును? ఆంధ్ర మహాసభ కార్యకర్తలు, భీమిరెడ్డి నరసింహారెడ్డి మున్నగువారు, పొలములో దిగి పంట కోసి ఆమె యింటికి చేర్చిరి. ఊరు సంఘమని పిలుచుకొన్నది ఆ మహాసభనే. సంఘము నిలబడగా ఊరు నిలబడెను. న్యాయస్థానములోను దేశముఖునకు అపజయమే కలిగెను. బట్టలుతుకు ఆడుది గడీని ఎదిరించి గెలిచినదన్న వార్త ఎన్ని ఊళ్లకు ప్రాకెనో, అన్ని ఊళ్లలో “బాంచన్” మాట పలుచబడెను. 1985లో కన్నుమూయువరకు ఐలమ్మ పేరు ధైర్యమునకు మారుపేరుగా నిలిచెను, నేటికిని నిలిచియున్నది.

సభాసదులారా, దొర కొరడా చూపి పెట్టు భయము ఒక రకము. పొరుగువానిని చూపి పెట్టు భయము మరియొక రకము. మొదటిది కంటికి కనబడును. రెండవది చెవిలో చెప్పబడును. కనుక దానిని గుర్తించుట కష్టము. 1947, 48 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానము ఈ రెండవ భయముతో క్రాగిపోయెను. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు ముస్లిము ప్రజల ఎదుట హిందువును బూచిగా చూపిరి. హిందువుల ఊళ్లపై బడి దోచిరి, చంపిరి. తన మతమువారికి రక్షకుడనని చెప్పుకొనువాడు, నిజము చెప్పిన తన మతమువానిని ఏమి చేయునో షోయబుల్లా ఖాన్ మరణము చూపినది.

షోయబుల్లా ఖాన్ యువకుడు, ముస్లిము, “ఇమ్రోజ్” అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడు. రజాకార్ల దుండగములను తన ఉర్దూలోనే ఖండించి వ్రాసెను. సంస్థానము భారత యూనియనులో చేరుటయే మేలని ఏడుగురు ముస్లిము ప్రముఖులు 1948 ఆగస్టులో ప్రకటన చేయగా, దానిని తన పత్రికలో ప్రచురించెను. బెదరింపులు వచ్చినవి, కలము ఆగలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి ఇంటికి పోవుచుండగా దుండగులు కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. ఆయన తెల్లవారకమునుపే కన్నుమూసెను. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లు నిండలేదు. సత్యము చెప్పుటకు వెల యుండదని ఎవరైన అన్నచో ఆ మాటను నమ్మరాదు. ఆ వెలను ఎరిగియే ఆయన వ్రాసెను.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించెను. 17న నిజాం లొంగిపోయెను. కథ ఇచ్చట ముగిసినచో చెప్పువారికిని వినువారికిని హాయిగా నుండును. ముగియలేదు. నిన్న భయపడినవారిలో కొందరు నేడు భయపెట్టువారైరి. పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అను మువ్వురు ఆ యేటి చివర జిల్లాలు తిరిగి భారత ప్రభుత్వమునకు నివేదిక యిచ్చిరి. పోలీసు చర్య సమయమునను, దాని తరువాతను, తక్కువలో తక్కువగా 27 వేల నుండి 40 వేల మంది చనిపోయిరని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువ నష్టపోయినవి. చనిపోయినవారు ముస్లిములు, చాలవరకు ఏ పాపము నెరుగని గ్రామీణులు. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. దొరలు దాచిన ఉత్తరువులను గూర్చి కోపగించువారు, ఈ దాచబడిన నివేదికను గూర్చియు సిగ్గుపడవలెను. తనకు నచ్చిన నిజమును మాత్రమే కోరువాడు సత్యమును కోరువాడు కాడు.

ఆ నివేదికలోనే మరువరాని మాట మరొకటి కలదు. కొన్నిచోట్ల హిందూ నేతగాండ్రు ముస్లిము నేతగాండ్రను కాపాడిరి. ఆ కాపాడుటలో తమ ప్రాణములను పోగొట్టుకొన్నవారును ఉండిరి. వారు గొప్ప గ్రంథములు చదివినవారు కారు. ఒకే పని చేసినవారు, ఒకే నూలునకు ఎదురుచూచినవారు, ఒకరి కష్టము ఒకరెరిగినవారు. ముస్లిమనగా ఇట్టివాడని వచ్చినవారు చెప్పినపుడు, ఆ ముస్లిము ఎట్టివాడో వారికి ముందే తెలియును. నిజమైన పరిచయము గలచోట కట్టుకథ నిలువదు. కాగితము చేయలేని పనిని మగ్గము చేసినది.

ఇదంతయు పాతకథ యని కొందరనవచ్చును. కొరడాలు పోయినవి, గడీలు కూలినవి. భయపెట్టువారు మాత్రము పోలేదు. వారి సాధనము మారినది. 2018లో పిల్లలనెత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవని చేతిఫోనులలో వాట్సాపు ద్వారా కట్టుకథలును, ఎక్కడివో తెలియని ఘోరమైన దృశ్యములును దేశమంతట ప్రాకినవి. వానిని నమ్మిన గుంపులు ఆ యేట ఇరువదిమందికి మించి అమాయకులను కొట్టి చంపినవి. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడ గ్రామమున, భిక్షాటనతో బ్రతుకు సంచారజాతివారు ఐదుగురు ఇట్లే బలియైరి. వారిని చంపినవారు పుట్టుదుర్మార్గులని అనుకొన్నచో సులభముగా నుండును. వారు బిడ్డలను గన్న తల్లిదండ్రులు, భయపడినవారు. భయము వారి చేతికి రాయి నిచ్చినది.

అదే యేట తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలోను అవే దృశ్యములు వచ్చినవి. వేసవి రాత్రులలో ఆరుబయట మంచములు వేసికొని నిద్రించు పల్లెవారు, సందెవేళకే తలుపులు బిగించుకొనుటను ఊళ్లు తిరుగు పోలీసులు గమనించిరి. జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి అంతకుముందే ఒక్కొక్క గ్రామమునకు ఒక్కొక్క పోలీసును కేటాయించి, ఊరివారితో పరిచయము పెంచుకొనుమని నియమించియుండెను. వారు సుమారు 400 గ్రామములలో ఇంటింటికి పోయి, వచ్చిన దృశ్యము బూటకమని వివరించిరి. డప్పు వేయించిరి, జానపద బాణీలలో పాటలు కట్టి పాడిరి, ఊరి వాట్సాపు బృందములలో చేరి అనుమానములు తీర్చిరి. ఆ ఊళ్లలో పుకారువలన ఒక్క ప్రాణమును పోలేదు. ఫోనులో వచ్చిన అబద్ధమును ఫోనుకన్న ముఖపరిచయమే బాగుగా ఓడించినది. ఎరిగిన మనిషి గడపకు వచ్చి చెప్పెను. కనుక ఊరు నమ్మెను. ఆళ్వారుస్వామి పుస్తకముల మూటతో చేసిన పనియే ఇది.

ఇంతకును గ్రంథాలయము చేయదగిన పనియేమి? బీరువాలో పుస్తకములు వరుసగా పేర్చుట మొదటి మెట్టు మాత్రమే. పింఛను కాగితము, భూమి పత్రము, బ్యాంకు నోటీసు చేతబట్టుకొని వచ్చిన ముసలివానికి దానిని చదివి వినిపించువాడొకడు సాయంకాలము అచట నుండవలెను. ఒక పుకారు ఊర పుట్టిననాడు దానిని గూర్చి అడుగుటకు జనము రాదగిన చోటు అదియే కావలెను. ఆ చోట మూడు ప్రశ్నలు వేయు అలవాటు పడవలెను. ఈ మాట ఎవరు చెప్పిరి? తమ కంటితో ఎవరు చూచిరి? ఊరు దీనిని నమ్మినచో లాభమెవరికి? ఈ ప్రశ్నలు మూడును పరులు చెప్పిన మాటకే కాక, తనవారు చెప్పిన మాటకును వేయవలెను. తనవారిని ప్రశ్నింపనివాడు తెలియకయే ఎవరి చేతిలోనో కర్రయగును.

మరియొకటి. గ్రంథాలయపు చాపమీద అన్ని వాడలవారును కూర్చుండవలెను. ఒక వాడవారు మాత్రమే కూడు గ్రంథాలయము ఆ వాడ భయములనే పెంచును. పెద్ద వీధి కుర్రవాడు, దళితవాడ పిల్ల, మసీదు వీధి ముసలాయన ఒకే పత్రికను పుటలు పంచుకొని చదివిన ఊరిలో, రేపెవడో వచ్చి ఒకరిని చూపి మరియొకరిని భయపెట్టుట అంత సులభము కాదు. ఆ నేతగాండ్రకు మగ్గము చేసిన మేలును ఊరికి పఠనమందిరము చేయగలదు.

భయము తెలియనివాడు ధీరుడనుట సరి కాదు. వర్తకుడు భయపడెను, ఐలమ్మకు భయమున్నది, షోయబుల్లాకు ప్రాణమన్న తీపి యుండియే యుండును. భయపడుచునే నిజమును విడువనివారు వారు. వర్తకునకును ఐలమ్మకును తోడు దొరికినది. వారు గెలిచి బ్రతికిరి. షోయబుల్లాకు ఆ రాత్రి చాలినంత తోడు దొరకలేదు. నిజము చెప్పువాడు ఏ ఊరిలోను, ఏ రాత్రియు ఒంటరిగా ఇంటికి నడువరాదు. ఆ బాధ్యత అతనిది కాదు, ఊరిది.

ఈ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు కాపాడిన కార్యకర్తలును, చందా ఇచ్చిన గృహస్థులును, పుస్తకమును తీసికొని నలగకుండ తిరిగి ఇచ్చిన చదువరులును అందరును ధన్యులు. స్వర్ణోత్సవము నాటికి ఈ బీరువాలు పెరుగుగాక. చాప కూడ వెడల్పగుగాక. నిజమును వెదకుటకు వచ్చిన ఏ ఒక్కరును ఈ గడప నుండి ఒంటరిగా తిరిగిపోకుందురుగాక.